ళ మీద గుడి లేదు

పెళ్లయి వ్యాసర్పాడికి వచ్చినప్పటి నుంచి మొన్నమొన్నటి దాకా క్రిస్మస్ పొద్దున నేను గుడిలో కూర్చున్నది లేదు. మా తెలుగు గుడి మా ఇంటికి కూతవేటు దూరం. ఆరాధన మొదలైతే తబలా చప్పుడు మా వంటింట్లోకి వినపడుతుంది. అందరూ కొత్తబట్టలు కట్టుకుని పోయేవాళ్లు. నేను పాత చీర కొంగు దోపుకుని పెనం ముందు నిలబడి బోళీలు కాల్చేదాన్ని. ఆంధ్రా వైపు బొబ్బట్లు అంటారు, మా మద్రాసులో బోళి అంటేనే తెలుస్తుంది. నన్ను అక్కడ నిలబెట్టింది మా వదిన, నా మొగుడికి అక్క. ఒక్క మాటతో నిలబెట్టింది. ఆ మాట అబద్ధమని తెలిశాక నేనేం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. క్షమించానని చెప్పడానికి కాదు.

మా పుట్టిల్లు తొండియార్‌పేట. మా అమ్మ పూజించే దేవుళ్లు వేరు. ఈ సంబంధం కుదిరాక నాకు బాప్తిస్మం ఇచ్చి పెళ్లి చేశారు. ఏసయ్య కథలో నాకు తెలిసింది పుట్టాడనీ, సిలువ వేశారనీ అంతే. బడికి పోయింది లేదు. మిరపకాయల గోడౌనులో తొడిమలు తీస్తూ పెరిగాను. చదవడం రాదు, మొగుడిని అడగాలంటే సిగ్గు, కాబట్టి బైబిలు వాక్యం గురించి ఏ సందేహం వచ్చినా వదిననే అడగాలి. ఆమె ఎనిమిదో తరగతి దాకా చదివింది. మా అత్తగారింట్లో ఆమె చెప్పిందే వాక్యం.

నా మొదటి క్రిస్మస్‌కు పాటల వాళ్లు మా వీధికి వచ్చారు. తూర్పు జ్ఞానులు పసిబిడ్డకు బంగారము, సాంబ్రాణి, బోళము తెచ్చారని పాడారు. బంగారం తెలుసు, ఒంటి మీద లేకపోయినా. సాంబ్రాణి తెలుసు. మూడోది తెలియలేదు. వంటింట్లో వదినను అడిగాను.

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. ఆ చూపు అప్పుడు నాకు ప్రేమగా అనిపించింది.

"బోళం తెలీదా? బోళినే మే. పాత తెలుగులో అట్లంటారు" అంది.

"బిడ్డకి బోళీలు తెచ్చినారా?"

"అంత దూరం నుంచి వస్తా ఉండారు గదా, దారిలో చెడిపోనిది ఇంకేముంటాది? అందుకే క్రిస్మస్ పొద్దున ఇంటి కోడలు బోళి చెయ్యాల. ముందురోజు చేసినవి పనికిరావు. ఆరాధన అయ్యే టయానికి వేడిగా ఉండాల. మా అమ్మకి ఇంక ఓపిక లేదు పావం. నువ్వు వస్తివి."

నేను నమ్మాను. నమ్మడమే కాదు, సంతోషపడ్డాను. కొత్త దేవుడి ఇంట్లో నాకంటూ ఒక పని దొరికిందనుకున్నాను. రాజులు చేసిన పని నా చేతికి వచ్చిందనుకున్నాను. ఆరాధన ముగించుకుని వాళ్లంతా ఇంటికి వచ్చేవాళ్లు. వదిన గడపలోంచే అడిగేది, "ఏం మే, మూడో జ్ఞానీ, అయినాయా?" అని. అందరూ నవ్వేవాళ్లు. నా మొగుడు కూడా నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. జ్ఞాని అని పిలిస్తే ఎవరికి బాగుండదు? ఆ పేరు మా అమ్మకు కూడా గర్వంగా చెప్పుకున్నాను.

తిన్నవి తినగా మిగిలినవి వదిన తన డబ్బాల్లో సర్దుకుని పోయేది. తన వీధిలో అందరికీ పంచేది, మా ఇంటి బోళి అని.

బోళి చేయడం తెలిసినవాళ్లకు దాని కష్టం చెప్పనక్కర్లేదు. మైదా తడిపి నూనెలో నాననివ్వాలి. శనగపప్పు పలుకు మీద దించాలి, బెల్లంతో కలిపి మెత్తగా రుబ్బాలి. ఇంటిల్లిపాదికీ, వదిన డబ్బాలకూ సరిపడా ఒత్తేసరికి మణికట్లు పట్టేసేవి. డిసెంబరు వస్తుందంటేనే నాకు గుండెదడ. వీధిలో నక్షత్రాలు కడుతుంటే పిల్లలకు సంబరం, నాకు మాత్రం పప్పు ఎంత నానబెట్టాలా అన్న లెక్క. బీపీ మాత్ర ఇచ్చిన డాక్టరమ్మ అడిగింది, ఎప్పుడు ఎక్కువ దడగా ఉంటుందని. క్రిస్మస్‌కి అన్నాను. ఆమె నవ్వి, పండగేగా అంది.

నా మొగుడు పోయాక ఇంట్లో పగలు పొద్దుపోయేది కాదు. మా గుడిలో రిటైరైన టీచరమ్మ ఒకామె ఉంది. ఆరాధనలో నేను పుస్తకం తెరిచి పట్టుకోవడం చూసి, "ఊరికే పట్టుకుంటే చేతి నొప్పే గదమ్మా, నేర్చుకుంటావా?" అంది. ఆమె మాటలో వెక్కిరింపు లేదు. మధ్యాహ్నాలు గుడి వెనక గదిలో పలక పట్టించింది. తల నెరిశాక అక్షరాలు దిద్దాను. తలకట్టు, దీర్ఘం, గుడి, గుడి దీర్ఘం, కొమ్ము. అక్షరానికి తలకట్టు ఉంటుందనీ, దాని మీద గుడి కడతారనీ తెలిసినప్పుడు నాకు చాలా ముచ్చటేసింది. ఎవరో ఇల్లు కట్టినట్టే ఉంది కదా అనుకున్నాను.

ఒక నవంబరులో, వాన పట్టుకుని బయటికి పోలేని రోజుల్లో, టీచరమ్మ నాచేత పెద్ద అచ్చు పుస్తకంలో జ్ఞానుల కథ చదివించింది. నేను కూడబలుక్కుని చదువుతున్నాను. బంగారము వచ్చింది. సాంబ్రాణి వచ్చింది. మూడోది నాకు తెలిసిందే గదా అని అక్షరాలు చూడకుండానే గట్టిగా చదివేశాను, "బోళి" అని.

"చూసి చదవమ్మా. ళ మీద గుడి ఉందా?"

చూశాను. లేదు. తలకట్టే ఉంది. పక్కన మకు కొమ్ము.

"బో...ళ...ము. బోళము అంటే బోళియే గదా టీచరమ్మా? పాత తెలుగులో అట్లంటారు."

టీచరమ్మ నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయింది. "ఎవరు చెప్పారు నీకు? బోళం అంటే ఒక చెట్టు జిగురు. చేదుగా ఉంటుంది. పాతకాలంలో చనిపోయినవాళ్ల ఒంటికి పూసేవాళ్లు. బిడ్డ పుట్టినప్పుడే చావు గురుతు తెచ్చారన్నమాట. ఇక్కడ నాటుమందుల అంగట్లో కూడా దొరుకుతుంది."

నేను పుస్తకం మూయలేదు. ఆ మాట మీద వేలు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ళ మీద గుడి లేదు. నాకూ గుడి లేకుండా పోయింది. ప్రతి ఏటా క్రిస్మస్ పొద్దున చదివేది ఈ కథే. నేను ఒక్క ఏడు అక్కడ కూర్చుని, పాస్టరుగారు దాని అర్థం చెబుతుంటే విని ఉంటే, ఆ ఒక్క రోజుతో వదిన అబద్ధం తెగిపోయి ఉండేది. వినకుండా నన్ను పొయ్యి దగ్గర పెట్టింది కూడా ఆ అబద్ధమే. దానికి అదే తాళం వేసుకుంది.

మూడో జ్ఞాని అన్న పేరు అప్పుడు అర్థమైంది. ఇల్లంతా అందుకే నవ్వేది. నా మొగుడికీ తెలుసు. ఆయన బైబిలు రోజూ చదివేవాడు. ఏ ఒక్క క్రిస్మస్‌కు కూడా ఆయన వంటింట్లోకి వచ్చి, పిచ్చిదానా, అది అది కాదు అని చెప్పలేదు. వేడిగా ఉందని ఊదుకుంటూ తిన్నాడు. ఆయన మీద ఇప్పుడు నేను చేయగలిగింది ఏమీ లేదు. తర్వాత వచ్చిన సమాధుల పండుగకు ఆయన సమాధికి పూలు తీసుకుపోలేదు, అంతే.

వదిన మాత్రం బతికే ఉంది. బాగా తింటోంది.

డిసెంబరు మొదట్లో మా స్త్రీల సమాజానికి ఒక సిస్టరును పిలిపించారు. ఊరికి ఆ చివర నుంచి కారులో వచ్చింది. పండుగ రోజుల్లో టెన్షన్ తగ్గించుకోవడం ఎలా అన్నది ఆమె ప్రసంగం. కళ్లు మూసుకుని పొడుగ్గా ఊపిరి పీల్చుకోండి అంది.

నా పక్కన కూర్చున్నామె గొణిగింది, "ఈడ పొడుగ్గా పీలిస్తే మనలి మొత్తం లోపలికి వస్తాది సిస్టరూ." పక్కనే ఉన్న మనలి ఫ్యాక్టరీల వాసన ఎరిగిన వాళ్లం, గది గదంతా నవ్వాం.

ఆ సిస్టరు మంచిదే, తనూ నవ్వింది. తర్వాత అంది, "అన్నీ మీ నెత్తినే వేసుకోకండి. కుదరదు అని చెప్పడం నేర్చుకోండి. ఈ పండుగకు మీ మట్టుకు మీకు అర్థం ఏమిటో ఒకసారి ఆలోచించండి."

ఇంటికి నడుస్తూ ఆలోచించాను. నాకు అర్థం దొరికే ఉంది. బోళానికి అర్థం. పొడుగ్గా ఊపిరి పీల్చాను. చాలా ఏళ్ల తర్వాత ఆ నెలలో నా గుండె దడదడలాడలేదు. పగ తీర్చుకోవాలని గట్టిగా అనుకుంటే మనిషికి ఎంత నెమ్మది వస్తుందో ఆ సిస్టరు చెప్పలేదు. నేను చెబుతున్నాను.

నాటుమందుల అంగడికి పోయాను. బోళం కావాలంటే అంగడాయన ఎర్రగా మట్టిగడ్డల్లా ఉన్నవి తీశాడు.

"బాలింతకా అమ్మా? ఎవురికి కాన్పు?"

"మా వదినకి."

"వయసెంత?"

"అరవై దాటింది."

ఆయన తక్కెడ ఆపి నన్ను చూశాడు. "అడడా! దేవుడు గొప్పోడు" అన్నాడు. ఎంత తింటే హాని లేదో అడిగి తెలుసుకున్నాను. శనగగింజంత అన్నాడు. నేను చంపాలనుకోలేదు. తినిపించాలనుకున్నాను, అంతే. ఇంటికి వచ్చి నాలుక కొసకు పెట్టుకుని చూశాను. నోరు కడుక్కున్నా చేదు పోలేదు. సంతోషం వేసింది.

పండుగ ముందురోజు సాయంత్రమే బోళీలు చేసేశాను. ముందురోజు చేసినవి పనికిరావు అన్న నోటికి ఇవి చాలు. అందరికీ మామూలువే. వదినకు మాత్రం వేరే పూర్ణంతో రెండు. బోళం దంచి, శనగగింజ దాటకుండా పెట్టాను. బెల్లం వేయలేదు. ఆ రెండింటి అంచులు కజ్జికాయకు మడిచినట్టు మడిచి గురుతు పెట్టుకున్నాను.

మర్నాడు తలస్నానం చేసి, ట్రంకుపెట్టెలో మడత విప్పని పట్టుచీర కట్టుకుని గుడికి పోయాను. వదిన కుటుంబం తొండియార్‌పేట నుంచి ఆటోలో నేరుగా అక్కడికే వచ్చింది. ఆ ఏడే కూతురికి పెళ్లి చేసింది. కొత్త వియ్యపురాలిని వెంటబెట్టుకుని వచ్చింది. నన్ను చూసి నిలబడిపోయింది.

"ఏం మే, ఈడ ఉండావు? ఇంట్లో పొయ్యి?"

"ఆర్పేసినా వదినా."

"మరి బోళి?"

"ఉండాది. నీకు వేరేగా చేసినా."

ఆ మాటకు మురిసిపోయింది పాపం. వియ్యపురాలి వైపు తిరిగి, "మా తమ్ముడి పెళ్లాం. నా కోసమని చేస్తాది" అంది.

ఆరాధన గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇన్నేళ్లు నేను పోగొట్టుకున్నది ఏదో పెద్దదని అనుకున్నాను. సగం సేపు ప్రకటనలే చదివారు. వెనక బెంచీలో పసిపిల్ల ఏడుపు. నా మోకాళ్లు పట్టేశాయి. అయినా నాకు కోపం ఇంకా పెరిగింది. ఇంత చిన్నది కూడా నాకు దక్కనివ్వలేదు కదా అనిపించింది. జ్ఞానుల కథ వచ్చినప్పుడు పుస్తకం తెరిచి, చదువుతున్న అతని వెంట వేలు జరుపుకుంటూ పోయాను. బోళము దగ్గర వేలు ఆపి తల ఎత్తాను. ముందు వరసలోంచి వదిన మెడ తిప్పి నన్నే చూస్తోంది. నా వేలు పుస్తకంలో ఎక్కడుందో ఆమెకు కనపడి ఉండదు. నా కళ్లు కనపడి ఉంటాయి. తర్వాత ఆమె మళ్లీ వెనక్కి తిరగలేదు.

ఇంట్లో భోజనాలకు ఆకులు వేశాను. బిరియానీ పక్కవీధి వంట మాస్టరు దగ్గర చెప్పి తెప్పించాను. అందరికీ బోళి మీద నెయ్యి వేసి వడ్డించాను. వదిన ఆకులో మడిచిన అంచుది వేసి పక్కనే నిలబడ్డాను.

ఆమె తుంచి నోట్లో పెట్టుకుంది. రెండుసార్లు నమిలింది. ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక పక్క వియ్యపురాలు, ఎదురుగా కొత్త అల్లుడు. ఉమ్మేయడానికి చోటు లేదు.

"ఎట్లుండాది వదినా? వాక్యంలో ఉండేట్టుగానే చేసినా ఈసారి" అన్నాను.

ఆమె నన్ను చూసింది. అర్థమైంది. మింగింది.

"బాగుండాది" అంది.

"అయిపోగొట్టు. దేవుడి ప్రసాదం ఆకులో వదలకూడదు."

వియ్యపురాలు నవ్వుతూ అంది, "కళ్లలో నీళ్లే వచ్చేసినాయే! అంత రుచా? నాకూ అట్లాంటిదే ఒకటి వెయ్యమ్మా."

"మీకు వద్దు అక్కా. అది మా వదినకే రాసిపెట్టినది" అని ఆమెకు మంచిది వేశాను. వదినకు రెండో మడత అంచుది వేశాను. వద్దని చెయ్యి అడ్డం పెట్టబోయింది. "మొహమాట పడతాది, ఎప్పుడూ ఇంతే" అని వియ్యపురాలితో అన్నాను. రెండోదీ తినింది. ప్రతి ముక్కా నేను చూశాను. చూడటానికే నిలబడ్డాను.

చేతులు కడుక్కోవడానికి ఆమె వంటింట్లోకి వచ్చింది. కుళాయి దగ్గర చాలా సేపు పుక్కిలించింది.

"ఎవురు చెప్పినారు?" అంది, వెనక్కి తిరగకుండానే.

"ఎవురూ చెప్పలా. చదివినా."

"చుమ్మా తమాషాకి అన్నా మే అప్పుడు. మర్నాడే చెప్దామనుకున్నా. నువ్వు అంత బాగా చేసి పెడితివి, అమ్మ వద్దనింది."

"తిన్నారు గదా అందరూ."

"ఇంత చేదు పెడతావా మనిషికి? చచ్చినోళ్లకు పూసేది గదే అది!"

"తెలుసునా నీకు?"

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఒక చెంచా చక్కెర ఇయ్యి" అంది.

"అయిపోయింది వదినా."

చక్కెర డబ్బా ఆమె తల పక్కనే అలమారలో నిండుగా ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. కానీ నా ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో ఆమెకు ఎన్నడూ తెలియదు. తెలుసుకోవాల్సిన పని ఆమెకు ఎప్పుడూ పడలేదు. ఆ రోజు ఖాళీ డబ్బాలతోనే ఆటో ఎక్కింది.

అంతటితో నా కడుపు చల్లబడిందని చాలామంది అనుకుంటారు. రెండు బోళీలకు చల్లబడేది కాదు అది. మరుసటి ఏడు పండుగకు వారం ముందు నేనే ఫోన్ చేశాను.

"వదినా, పండక్కి పెందలాడే వచ్చేయి. పప్పు నానబెట్టి ఉంచుతా. రుబ్బి, ఒత్తి, కాల్చడమే నీ పని."

"నేనా? నాకు యాడ చేతనవుతాది? ఆరాధన ఉండాది గదా?"

"నేను పోతా గదా ఆరాధనకి. ఇంటికి ఒకరు పోతే చాలదా? ఇన్నేళ్లూ చాల్లేదా?"

ఆమె ఇంకో సాకు వెతుక్కునే లోపు నేనే అందుకున్నాను.

"నీ వియ్యపురాలు కూడా వస్తాదా?" అని అడిగాను. "మంచామె. బోళి నువ్వు నాకు ఎట్ల నేర్పించినావో ఆమెకి కథగా చెప్పాలని ఉండాది."

"సరి" అంది వదిన. "వస్తా."

వచ్చింది. మైదా ఎక్కడుంది, పూర్ణం ఎంత గట్టిగా ఉండాలి అన్నీ చెప్పి, పాత చీర ఒకటి ఇచ్చి, నేను ఆమె వియ్యపురాలి చెయ్యి పట్టుకుని గుడికి నడిచాను. పాటలు, ప్రకటనలు, పసిపిల్లల ఏడుపు, అన్నీ పూర్తిగా కూర్చుని విన్నాను. ఆశీర్వాదం అయ్యాక కూడా లేవలేదు. వరండాలో నిలబడి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లతో కూడా మాట్లాడాను. వియ్యపురాలు ఆకలి అంటే, ఉండండి అక్కా, వేడిగా ఉంటాయి అన్నాను.

మేం ఇంటికి వచ్చేసరికి వదిన ఇంకా పెనం ముందే ఉంది. జుట్టు నిండా పిండి. మోచేతి మీద నూనె చిట్లిన మచ్చ. బోళీలు ఒకటి మందం, ఒకటి పల్చన, రెండు మాడినవి. తబలా ఆగిపోయి ఎంతసేపైందో ఆమెకు తెలిసే ఉంటుంది. ఆ వంటింట్లోకి అది బాగా వినపడుతుంది.

నేను ఒకటి తీసుకుని, ఊదుకుంటూ తిన్నాను.

"ఎట్లుండాది?" అంది, నా ముఖం వైపు చూడకుండా.

"ఈ ఏడు పాటలు ఎంత బాగా పాడినారో వదినా," అన్నాను. "నువ్వు వచ్చి ఉండాల్సింది."